జంపఖానా అంచులో మూడు మెట్లు: అర్థం గుడ్డలో ఉందా, చూసిన కంటిలో ఉందా?

కొత్తవాడ_పడుగు
మాది వరంగల్ కొత్తవాడ. నాన్న జంపఖానాలు నేస్తాడు. వారం రోజులుగా ఇంట్లో ఒకే మాట మీద వాదన నడుస్తోంది. ఎటూ తేలడం లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను.

పోయిన ఆదివారం పాత జంపఖానా ఒకటి ఉతికి పిట్టగోడ మీద ఆరేశాం. దానికి రెండు పక్కలా మెట్లలాగా ఎక్కి దిగే అంచు ఉంటుంది. కుడివైపు ఎక్కడానికి నాలుగు మెట్లు, ఎడమవైపు మూడే. పుట్టినప్పటి నుంచి దాని మీదే పడుకున్నాను కానీ ఎప్పుడూ లెక్కపెట్టలేదు. ఆ రోజు సందులో వెళుతున్న ఒక పెద్దమ్మ ఆగింది. కరీంనగర్ వైపు మనిషి, ఇక్కడ చుట్టాల ఇంటికి వచ్చిందట. ఎడమ అంచు మీద అరచేయి పెట్టి, కాసేపు అలాగే నిలబడి, మా తాత పేరు చెప్పి "ఇది వాళ్లింటి జంపఖానా కదా" అంది. మేం ఈ సందులోకి మారి పదేళ్లే అయింది. ఆ ఇల్లు మాదని ఆమెకు తెలిసే వీలు లేదు.

నాన్నను అడిగాను, ఆ మూడు మెట్లకు అర్థం ఏమిటని. "ఏమీ లేదు, చేతి అలవాటు" అన్నాడు. మా అన్నేమో, ఎవరో ఒకరు గుర్తుపట్టినప్పుడే దేనికైనా అర్థం పుడుతుంది, అప్పటిదాకా అవి ఉత్త దారాలే అంటాడు. నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు. ముప్పై ఏళ్లుగా ఆ మెట్లు అక్కడే ఉన్నాయి. ఆ పెద్దమ్మ మా సందులోకి రాకపోయి ఉంటే వాటికి అర్థం లేనట్టేనా?

ఖగోళం_హన్మకొండ
మీ అన్న మాటలో సగం నిజం ఉందమ్మా. ఆ సగం ఎంతవరకో చూద్దాం.

సప్తర్షులను అందరూ చూసే ఉంటారు. ఏడు చుక్కల్లో మధ్యలో ఉన్న ఐదూ నిజంగానే ఒకదానికొకటి సంబంధం ఉన్నవి. అంతరిక్షంలో కలిసి ఒకే వైపు కదులుతున్నాయి, మనకు సుమారు 80 కాంతి సంవత్సరాల దూరంలో. రెండు కొసల్లో ఉన్న క్రతువు, మరీచి మాత్రం వేరే దారిన పోయే బాటసారులు, వందకు పైగా కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి. భూమి మీద నిలబడ్డాం కాబట్టి ఏడూ ఒక వరసలో కనబడుతున్నాయి. ఇంకెక్కడి నుంచైనా చూస్తే ఆ ఆకారం చెదిరిపోతుంది. ఇక్కడ మీ అన్న గెలిచాడు.

ఇప్పుడు కృత్తికలు. పల్లెల్లో పిల్లలకోడి అంటారు, జపానులో సుబారు అంటారు. 1767లో ఇంగ్లండులో జాన్ మిచెల్ అనే ఆయన ఒక లెక్క వేశాడు. ఆకాశంలో చుక్కలను గింజల్లా వెదజల్లితే, ఇన్ని వెలుగు చుక్కలు అంత దగ్గరగా పడే అవకాశం ఎంత? సుమారు 5 లక్షల్లో ఒకటి అని తేలింది. కాబట్టి ఇవి నిజంగా ఒక గుంపే అయి ఉండాలి అన్నాడు. అదే నిజమైంది. ఒకే మబ్బులోంచి పుట్టిన తోబుట్టువులు అవి, చూసేవాళ్లు లేకపోయినా తోబుట్టువులే.

కంటికి రెండూ ఒకే తీరు పోలికలు. మీ మూడు మెట్లు సప్తర్షుల జాతివా, కృత్తికల జాతివా అన్నది ముందు తేల్చుకోండి.

మంచిర్యాల_రైలు
పిల్లలకోడి అనే మాట విని ఎన్నేళ్లయిందో. చలికాలం ఆరుబయట మంచం వేసి మా నాయనమ్మ చూపించేది. నాకు ఆరు పిల్లలే కనబడేవి, మా చెల్లెలికి ఏడు. ఆ ఏడో పిల్ల కోసం దుప్పట్లో కొట్టుకునేవాళ్లం.

లెక్కలపంతులు
ఖగోళం గారి మాటకు ఒక మెలిక కలుపుతాను. వరసలు కొన్నిసార్లు ఎవరూ పెట్టకుండానే వచ్చి తీరతాయి.

ఏ ఆరుగురినైనా ఒక గదిలో కూర్చోబెట్టండి. వాళ్లలో ఒకరికొకరు తెలిసిన ముగ్గురైనా ఉంటారు, లేదా ఒకరికొకరు బొత్తిగా తెలియని ముగ్గురైనా ఉంటారు. తప్పించుకోవడం కుదరదు. ఎందుకంటే, ఆరుగురిలో ఒకరిని పక్కకు తీయండి. మిగిలిన ఐదుగురిలో కనీసం ముగ్గురు ఆయనకు తెలిసినవాళ్లు అవుతారు, లేదా కనీసం ముగ్గురు తెలియనివాళ్లు అవుతారు. తెలిసిన ముగ్గురు అనుకుందాం. ఆ ముగ్గురిలో ఏ ఇద్దరికి పరిచయం ఉన్నా ఆయనతో కలిపి తెలిసిన ముగ్గురు అయ్యారు. ఏ ఇద్దరికీ లేకపోతే వాళ్లే తెలియని ముగ్గురు. ఐదుగురితో మొదలుపెడితే మాత్రం ఇది ఖాయం కాదు. దీన్ని రామ్సే సిద్ధాంతం అంటారు. ముగ్గురికి బదులు ఐదుగురు కావాలంటే గదిలో ఎంతమంది ఉండాలో ఈ రోజుకూ ఎవరూ కచ్చితంగా చెప్పలేకపోయారు.

ఎందుకు చెబుతున్నానంటే, తగినంత పెద్ద గుంపులో ఏదో ఒక తీరు కనబడి తీరుతుంది. అది కనబడినంత మాత్రాన వెనక ఎవరో ఉద్దేశం పెట్టారని అనుకోకూడదు. మూడు, నాలుగు తేడాకు అర్థం ఉందనే ముందు, ఆ తేడా మళ్లీ మళ్లీ అలాగే వస్తోందా చూడాలి. ఒక్క జంపఖానా సరిపోదు.

కొత్తవాడ_పడుగు
పంతులు గారూ, మీ మాట చదివి వెంటనే లేచి వెళ్లి చూశాను. ఇప్పుడు మగ్గం మీద ఉన్నదానికీ ఎడమవైపు మూడే. అటక మీద ఇంకో రెండు ఉన్నాయి, వాటికీ మూడే.

లెక్కలపంతులు
అయితే ఇది గింజలు వెదజల్లితే పడ్డది కాదు. ఒక చేయి ఉంది దీని వెనక.

పత్తిచేను_పరకాల
పుస్తకాల సంగతి నాకు తెలియదు, చేను సంగతి చెబుతాను. పత్తి పూతలో ఉన్నప్పుడు కొన్ని పూలు విప్పారవు. రేకలు ముడుచుకుని, మెలితిరిగి, గులాబీ మొగ్గలాగా నిలబడతాయి. మేం గుడ్డి పూలు అంటాం. తెలియని మనిషి చూస్తే, ఈ పువ్వు భలే అందంగా ఉందే అంటాడు. పట్నం నుంచి వచ్చిన మా బావమరిది అలాగే ఫోటో తీసుకున్నాడు. నాకేమో గుండె జారిపోయింది. లోపల గులాబీ రంగు పురుగు ఉందని అర్థం. ఇవాళ ఆ పువ్వును తెంపి నాశనం చేయకపోతే రేపు అది కాయలోకి పోతుంది, కాయ పగిలేదాకా బయటికి ఏమీ తెలియదు.

ఒకే పువ్వు. ఒకరికి అందం, ఒకరికి అప్పు. కానీ మీ అన్న చెప్పినట్టు నేను గుర్తుపట్టడం వల్ల పురుగు పుట్టలేదు. పురుగు ముందే ఉంది. నేను గుర్తుపట్టకపోయినా తినేది తింటుంది.

మగ రెక్కల పురుగులను వాసనతో రప్పించే లింగాకర్షక బుట్టలు కూడా అంతే. బుట్టలో రెక్కల పురుగులు పడ్డాయంటే ఒక్కటికే హడావుడి పడకూడదు. బుట్టకు ఎనిమిది చొప్పున వరసగా మూడు రాత్రులు పడితే మందు గురించి ఆలోచించమంటారు. ఆ ఎనిమిది, మూడు తెలియని రైతు బుట్టలోకి చూస్తే ఏం చూస్తాడు? చచ్చిన పురుగులు చూస్తాడు.

జగిత్యాల_గోదారి
పరకాల అన్న చెప్పిందే మా దగ్గర కోటిలింగాలలో జరిగింది. గోదావరి ఒడ్డున దొరికిన నాణేలు చదవగలిగినవాళ్ల చేతికి వెళ్లేదాకా పాత బిళ్లలే. పరబ్రహ్మశాస్త్రి గారి లాంటి పండితులు వాటి మీద చిముక అనే పేరు చదివాక శాతవాహనుల మొదటి రాజు గురించి చరిత్ర పుస్తకాలు మళ్లీ ఆలోచించుకోవలసి వచ్చింది. బిళ్ల అదే, అక్షరం అదే.

కందపద్యం
గంగాధర మండలంలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఈ చర్చలో అందరూ ఒకే మాటతో రెండు పనులు చేయిస్తున్నారు, అందుకే ముడి పడుతోంది. మన భాషలో దీనికి రెండు మాటలు ఉన్నాయి: జాడ, ఆనవాలు.

జాడ అంటే నడిచిపోయినవాడు తెలియకుండా వదిలినది. చూసేవాడు ఉన్నా లేకపోయినా అడుగు నేల మీద ఉంటుంది. పరకాల సోదరుడి గుడ్డి పువ్వు జాడ. ఆనవాలు అలా కాదు. అది ఇద్దరి మధ్య ఉండేది. హనుమంతుడు తెచ్చిన ఉంగరం లంకలో ఎవరికి చూపించినా బంగారమే, సీతమ్మకు మాత్రమే రాముడు. ఇచ్చినవాడూ గుర్తుపట్టేవాళ్లూ ఇద్దరూ ఉంటేనే ఆనవాలు. మధ్యలో మోసుకొచ్చినవాడికి కూడా పూర్తిగా తెలియనక్కరలేదు.

మా మండలంలోనే కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట ఉంది. రాతి మీద జైన మూర్తులు, వాటి దగ్గర శాసనం. కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు జినవల్లభుడు క్రీ.శ. 945 ప్రాంతంలో వేయించినది. అందులో సంస్కృతం, కన్నడంతో పాటు మూడు తెలుగు కందపద్యాలు ఉన్నాయి, మనకు దొరికిన తొలి కందాలు అవే. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వందల ఏళ్లు ఆ రాతిని చూస్తూనే ఉన్నారు, బొమ్మలమ్మ అని మొక్కుతూనే ఉన్నారు. వాళ్లు చూసినదీ అర్థమే, దాన్ని నేను తక్కువ చేయను. కానీ శాసనంలో పద్యం మన పుస్తకాల్లోలాగా పాదాలుగా విడగొట్టి ఉండదు. రెండో అక్షరం దగ్గర ప్రాస, నాలుగు మాత్రల గణాలు, రెండు, నాలుగు పాదాల్లో యతి, ఇవన్నీ చెవిలో ఉన్న మనిషి వచ్చి చదివినప్పుడే ఆ అక్షరాలు కందంగా లేచి నడిచాయి.

మా బడి పిల్లలను ఒకసారి అక్కడికి తీసుకెళ్లాను. ముందు రోజు తరగతిలో కందం లక్షణం చెప్పాను. రాతి ముందు నిలబడి ఒక పిల్ల వేళ్ల మీద మాత్రలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. వెయ్యేళ్ల కిందటి మనిషికీ ఆ పిల్లకూ మధ్య ఎవరూ లేరు ఆ క్షణంలో.

వేయిస్తంభాలు_వీధి
మాస్టారూ, చివరి వాక్యం చదివి కాసేపు ఫోను పక్కన పెట్టాను.

ఎక్స్‌రే_గది
ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ మధ్యలో రాస్తున్నాను. మాది రేడియాలజీ.

చదువుకునే రోజుల్లో ఛాతీ ఎక్స్‌రే చూస్తే నాకు మబ్బులు కనబడేవి. మా ప్రొఫెసరు ఒక ఫిల్ము పెట్టి, "ఏం కనబడుతోందని కాదు, ఏం కనబడటం లేదో చెప్పు" అన్నారు. ఎంత చూసినా తెలియలేదు. గుండె నీడకు కుడి అంచు చెరిగిపోయి ఉంది. ఆ అంచు పోయిందంటే ఊపిరితిత్తి కుడి మధ్య భాగంలో నెమ్ము చేరి ఉండవచ్చు. గాలికీ గుండెకూ మధ్య ఉండే తేడా వల్ల అంచు కనబడుతుంది, గాలి స్థానంలో నీరు చేరితే తేడా పోతుంది. ఆ రోజు నుంచి ఆ అంచును చూడకుండా ఉండటం నాకు సాధ్యం కాలేదు. చూపు నేర్పిస్తే వస్తుంది, వచ్చాక వెనక్కి పోదు.

అయితే నేర్చిన చూపుకు ఇంకో పక్క ఉంది, అది చెప్పకపోతే నిజాయితీ కాదు. 2013లో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. ఊపిరితిత్తుల స్కానుల్లో చిన్న గడ్డలు వెతకమని 24 మంది రేడియాలజిస్టులకు ఇచ్చి, ఒకదానిలో గొరిల్లా బొమ్మ అతికించారు. గడ్డకు 48 రెట్ల పరిమాణం ఉన్న బొమ్మ. 24 మందిలో 20 మంది దాన్ని చూడలేదు. చాలామంది కళ్లు సరిగ్గా దాని మీద నుంచే వెళ్లాయి. వెతికేది దొరుకుతుంది, వెతకనిది కళ్ల ముందు ఉన్నా ఉండదు.

నాకు ఇది చదివినప్పటి నుంచి భయం. ఒక్కో రిపోర్టు సంతకం పెట్టే ముందు, నేను వెతకనిది ఏముందని ఇంకోసారి చూస్తాను.

పత్తిచేను_పరకాల
డాక్టరు గారూ, మీలాంటివాళ్లు మా ఊరికి కావాలి.

సుడుల గురించి చెప్పడం మరిచాను. ఎద్దు ఒంటి మీద వెంట్రుకలు తిరిగే చోట సుడి ఉంటుంది కదా. ఫలానా చోట సుడి ఉంటే కలిసొస్తుంది, ఫలానా చోట ఉంటే యజమానికి కీడు అంటారు. మా నాన్న అంగడిలో ఒక ఎద్దును కొన్నాడు. బ్రహ్మాండమైన ఎద్దు, నాగలికి ఆగేది కాదు. వీపు మీద సుడి బాగా లేదని సగం ధరకు వచ్చింది. పదేళ్లు మా ఇంట్లో పనిచేసింది, ఒక్క కీడూ జరగలేదు. కానీ అమ్ముకుందామంటే మళ్లీ సగం ధరే. సుడికి బలం లేదు, చూసేవాళ్ల నమ్మకానికి ఉంది, ఆ నమ్మకం మా నాన్న జేబులోంచి డబ్బు తీసింది. దీన్ని ఏమంటారు మాస్టారూ, జాడా ఆనవాలా?

కందపద్యం
బాగా పట్టుకున్నారు. నాకు వెంటనే జవాబు రావడం లేదు. ఆలోచించి రాస్తాను.

ఖగోళం_హన్మకొండ
మాస్టారి కోసం ఆగకుండా నాకు తోచింది చెబుతాను. అది సప్తర్షుల జాతి. లేని సంబంధాన్ని కన్ను కలిపింది, కలిపాక మనుషులు దాని ప్రకారం నడుచుకున్నారు.

1976లో వైకింగ్ 1 నౌక అంగారకుడి మీద ఒక కొండ ఫోటో పంపింది, అందులో మనిషి ముఖం కనబడింది. ఎండ పక్క నుంచి పడి నీడలు కన్నులూ నోరూ అయ్యాయి. దాని మీద ఎన్ని కథలు అల్లారో. 2001లో ఇంకో నౌక దగ్గర నుంచి స్పష్టంగా ఫోటో తీస్తే మామూలు గుట్ట. మన మెదడు ముఖాల కోసం ఆకలితో ఉంటుంది. గోడ మీద చెమ్మలో కూడా వెతుక్కుంటుంది.

దీనికి పూర్తిగా ఎదురు కథ 1967లో జరిగింది. కేంబ్రిడ్జిలో జోసెలిన్ బెల్ అనే విద్యార్థిని రేడియో దూరదర్శిని గీసిన కాగితాలు మీటర్ల కొద్దీ రోజూ కళ్లతో చూసేది. ఒక చోట చిన్న గజిబిజి గీత. పరికరం లోపమని వదిలేయవచ్చు. కానీ ఇలాంటిదే ఇంతకుముందు ఎక్కడో చూశానని ఆమెకు గుర్తుకొచ్చింది. వెనక కాగితాలు తీసి చూస్తే ఆకాశంలో అదే చోటు. కాగితం వేగం పెంచి గీయిస్తే సుమారు 1.33 సెకన్లకు ఒకసారి తప్పకుండా కొట్టుకునే నాడి. అదే మొదటి పల్సర్, అంటే గిరగిరా తిరుగుతూ లయ తప్పకుండా రేడియో తరంగాలు పంపే చుక్క. గుట్ట ముఖం దగ్గరికి వెళ్లేకొద్దీ కరిగిపోయింది, ఈ గీత దగ్గరికి వెళ్లేకొద్దీ గట్టిపడింది. నాకు తెలిసిన తేడా ఇదే.

మగ్గం_ముచ్చట
ఇంత దూరం వెళ్లారు, మగ్గం దగ్గరికి ఎవరూ రాలేదు. నేనూ ఆ పనిలో పుట్టినవాడినే, ఇప్పుడు వేరే ఉద్యోగం.

చెల్లీ, ఆ పాత జంపఖానా వెడల్పు ఎంత? ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేసేదా, ఒక్కరే నేసేదా? ఇంకొకటి. నాలుగు మెట్లు, మూడు మెట్లు ఒకే ఎత్తులో ముగుస్తున్నాయా? స్కేలు వద్దు, పేక పోగులు, అంటే అడ్డంగా నేసిన దారాలు, లెక్కపెట్టు.

చేర్యాల_చుట్టం
మాస్టారి ఆనవాలు మాటకు మా చేర్యాల పటం కూడా చేరుతుంది. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి పట్టించి, ఎర్రటి నేల మీద వరసలు వరసలుగా కథ గీస్తారు. బారెడు గుడ్డ కాదు, విప్పుతూ పోతే ఇంటి పొడవు ఉంటుంది. ఇప్పుడు నగరాల్లో ఒక్క ముక్క ఫ్రేము కట్టించి గోడకు పెడుతున్నారు, ఆ కళ బతకాలంటే అదీ కావాలి, తప్పు పట్టను.

కానీ ఆ పటం గోడకు పెట్టడానికి పుట్టలేదు. ఒక్కో కులానికి ఒక్కో పురాణం, దాన్ని చెప్పే ఆశ్రిత కులం. పద్మశాలీలకు కూనపులివారు, మాదిగలకు డక్కలివారు. కథకుడు రాత్రి పటం విప్పి, పుల్లతో ఒక్కో బొమ్మను చూపిస్తూ పాడుతుంటే, ఎదురుగా కూర్చున్నవాళ్లకు అది తమ పుట్టుక కథ. పక్క వీధివాళ్లకు అవే బొమ్మలు బొమ్మలే. మా తాత వేసిన పటం ఒకటి మా ఇంట్లో ఉంది. దాన్ని పాడే కుటుంబంలో ఇప్పుడు ఆ కథ మొత్తం వచ్చినవాళ్లు లేరు. నేను బొమ్మలు గుర్తుపట్టగలను, రాజు, గుర్రం, తపస్సు చేసే ముని. ఏది ముందు, ఏది వెనక, ఈ ముని ఎందుకు ఏడుస్తున్నాడు, చెప్పేవాళ్లు లేరు. రంగు చెక్కు చెదరలేదు. పటం మూగదైపోయింది.

జగిత్యాల_గోదారి
చేర్యాల అన్నా, ఆ కుటుంబంలో పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే, కొంచెం వచ్చినా సరే, ఇప్పుడే ఫోనులో రికార్డు చేయండి. పూర్తిగా రాకపోయినా ఫరవాలేదు. సింధు లిపి చూడండి, ఐరావతం మహదేవన్ గారు 1977లో 417 గుర్తులు లెక్కగట్టి, ఏది దేని పక్కన వస్తుందో అంతా పట్టికలు వేశారు. తీరు మొత్తం చేతిలో ఉంది, చదివేవాళ్లు లేరు.

చేర్యాల_చుట్టం
ఒక ముసలాయన ఉన్నాడు. ఈ వారమే వెళతాను.

కొత్తవాడ_పడుగు
మగ్గం అన్నా, లెక్కపెట్టాను. మూడుసార్లు పెట్టాను.

కుడివైపు ఒక్కో మెట్టుకు 6 పోగులు, నాలుగు మెట్లు. ఎడమవైపు ఒక్కో మెట్టుకు 8 పోగులు, మూడు మెట్లు. రెండూ 24 దగ్గర ముగుస్తున్నాయి. వెడల్పు పది అడుగులకు దగ్గరగా ఉంది, ఇద్దరు నేసేదే. ఇప్పుడు నాన్న నేసేవి చిన్నవి, ఒక్కడే కూర్చుంటాడు. అయినా ఎడమ అంచు ఎనిమిదేసి పోగులతో మూడు మెట్లే వేస్తున్నాడు.

లెక్కలపంతులు
24. ఆరు నాలుగులు, ఎనిమిది మూళ్లు. ఎంత బాగుంది! దూరం నుంచి చూస్తే రెండు పక్కలా శిఖరం ఒకే వరసలో లేస్తుంది, లెక్కపెట్టినవాడికే తేడా తెలుస్తుంది.

మాస్టారి కందం గుర్తొచ్చింది. లఘువు ఒక మాత్ర, గురువు రెండు. నాలుగు మాత్రలను ఎన్ని రకాలుగా పేర్చవచ్చు? గగ, భ, జ, స, నల. ఐదే. కందంలో వాడే గణాలు సరిగ్గా ఈ ఐదూ, ఒక్కటీ మిగలదు. మూడు మాత్రలైతే 3 రకాలు, ఐదు మాత్రలైతే 8. ఏ వరసైనా చివర లఘువుతోనో గురువుతోనో ముగియాలి కాబట్టి, ఒక్కో సంఖ్య దాని ముందున్న రెంటి మొత్తం: 1, 2, 3, 5, 8, 13. దీన్ని హేమచంద్రుడు 1150 ప్రాంతంలో ఛందస్సు లెక్కగా చెప్పాడు, ఆయన కన్నా ముందే విరహాంకుడు చెప్పాడు. ఇటలీలో ఫిబొనాచ్చి కుందేళ్ల లెక్కగా రాసింది 1202లో. మన వేయిస్తంభాల గుడి 1163 నాటిది. రుద్రదేవుడు ఇక్కడ స్తంభాలు నిలబెడుతున్న కాలానికి అటు గుజరాతులో ఆ సంఖ్యలు లెక్కలోకి వచ్చేశాయి.

కందపద్యం
పంతులు గారూ, నలభై ఏళ్లు కందం చెప్పాను, ఐదుకు ఐదూ వస్తాయని తెలుసు, ఇలా ఎందుకు ఐదో ఎప్పుడూ ఆలోచించలేదు. ధన్యవాదాలు.

పరకాల సోదరుడికి జవాబు. సుడి జాడ కాదు, దాని వెనక ఏ అడుగూ లేదు. ఆనవాలూ కాదు, ఇచ్చినవాడు లేడు. ఎవరూ రాయని ఉత్తరాన్ని ఊరంతా చదవడం అది. అంత నమ్మకంగా చదివితే రాయనిది కూడా ధర నిర్ణయిస్తుంది. చదవడం నేర్చుకున్నంత శ్రద్ధగా, రాసినవాడు ఉన్నాడా అని వెతకడం కూడా నేర్చుకోవాలి.

మగ్గం_ముచ్చట
చెల్లీ, ఇద్దరు నేసేటప్పుడు పక్కవాళ్లతో సమంగా ముందుకు జరగాలి, లేకపోతే గుడ్డ ఒక పక్క ఎత్తు వస్తుంది. ఒకరిది చురుకు చేయి, ఇంకొకరిది నెమ్మది చేయి అయితే, నెమ్మది చేయివాళ్లు రంగు మార్చే సార్లు తగ్గించుకుంటారు. నాలుగుసార్లు దారం తెంపి కట్టేచోట మూడుసార్లే. 24 దగ్గర ఇద్దరూ కలుసుకుంటారు. కాబట్టి ఆ ఎడమ పక్క నెమ్మదైన చేయి. చిన్న పిల్ల చేయి కావచ్చు, కొత్తగా నేర్చుకుంటున్న చేయి కావచ్చు.

ఆ పాత జంపఖానాకు ఎడమ పక్కన ఎవరు కూర్చున్నారో మీ నాన్నను అడిగావా?

కొత్తవాడ_పడుగు
అడగలేదు. అడగాలని నాకు తట్టనే లేదు.

వేయిస్తంభాలు_వీధి
నాన్నను అడిగే ముందు ఆ పెద్దమ్మను అడగడం మేలేమో. ఆయన ఒకసారి ఏమీ లేదు అనేశారు.

కొత్తవాడ_పడుగు
రెండు రోజులు రాయలేకపోయాను. పెద్దమ్మ తిరిగి కరీంనగర్ వెళ్లేలోపు వాళ్ల చుట్టాల ఇంటికి వెళ్లి కలిశాను.

ఎడమ పక్కన కూర్చున్నది మా మేనత్త. నాన్న కన్నా ఆరేళ్లు చిన్నది. పదకొండో ఏట మగ్గం ఎక్కిందట. నాన్న చేయి చురుకు, ఆమె అందుకోలేక ఏడ్చేదట. అప్పుడు తాత, నువ్వు మూడే వెయ్యి, మెట్టు పెద్దది చెయ్యి, పైన ఇద్దరూ కలుస్తారు అన్నాడట. చేయి తిరిగాక కూడా ఆమె మూడే వేసేది, ఇది నా పక్క అనేదట. పెద్దమ్మ ఆమెతో పాటు బడికి వెళ్లిన మనిషి. తన పెళ్లికి మేనత్త నేసిన జంపఖానా తీసుకెళ్లింది. అందుకే కళ్లతో కాదు, ముందు చేత్తో చూసింది. మేనత్త నేను పుట్టక ముందే జ్వరంతో పోయింది. ఇంట్లో ఆమె ఫోటో ఒక్కటీ లేదు, ఆమె గురించి మాట్లాడగా నేను వినలేదు.

ఇంటికి వచ్చి నాన్నను ఏమీ అడగలేదు. మగ్గం దగ్గర కూర్చుని, "మూడు మెట్లు అత్తవి కదా" అన్నాను. చాలాసేపు నేస్తూనే ఉన్నాడు. తర్వాత, "నాలుగు వెయ్యడానికి చేయి రాలేదమ్మా" అన్నాడు. ముప్పై ఏళ్లుగా ఒక్కడే కూర్చుని రెండు పక్కలూ నేస్తున్నాడు.

మా అన్న కూడా అక్కడే ఉన్నాడు. ఏమీ వాదించలేదు.

పత్తిచేను_పరకాల
చెల్లీ, రాసే ఓపిక నాకు లేదు ఇప్పుడు. రేపు రాస్తాను.

ఎక్స్‌రే_గది
ఆయన ఏమీ లేదు అన్నప్పుడు మీరు వదిలేయనందుకు సంతోషంగా ఉంది.

చేర్యాల_చుట్టం
నేనూ వెళ్లి వచ్చాను. ముసలాయనకు కథలో మూడో వంతు వచ్చు. పటం ముందు పరిచాను. ముని ఎందుకు ఏడుస్తున్నాడో చెప్పాడు. ఫోనులో గంటన్నర రికార్డు అయింది, వచ్చే వారం మళ్లీ రమ్మన్నాడు.

మగ్గం_ముచ్చట
చెల్లీ, మీ ఇంట్లో ఆ పెద్ద మగ్గం ఇంకా ఉందా, తీసేశారా?

కొత్తవాడ_పడుగు
ఉంది అన్నా. ఒక పక్క సామాను పెట్టుకున్నాం. ఈ రోజు పొద్దున నాన్న, అన్న కలిసి సామాను తీశారు. నాకు అంత చురుకు చేయి లేదు, ఎడమ పక్కన కూర్చుంటాను. ఎనిమిదేసి పోగులు, మూడు మెట్లు.